హద్దు మీరిన యుత్తర్వు

(అల్మాస్‌గూడ పఠనమందిరమున మేము గావించిన యుపన్యాసపు పాఠము)

వీసాల రద్దును గూర్చియు, అట్టి రద్దులపై న్యాయస్థానములు చేయు సమీక్షను గూర్చియు మాటలాడెదమని మేము తెలిపినప్పుడు, ఇది వకీళ్ల వ్యవహారము గదా, సామాన్యుల కిందు పని యేమని యొక మిత్రుడు సందేహించెను. ఆయనకు మే మిచ్చిన ప్రత్యుత్తర మిది. ఈ యల్మాస్‌గూడలో వీధి కొక్క యింటనైనను విదేశమున చదువుచున్న కొడుకో కూతురో యుండును. దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహములలో నుండి పరీక్షలకు శిక్షణ పొంది, చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణములు చేసి మ్రొక్కుకొని, వీసా చేతికి వచ్చినపిదప 108 ప్రదక్షిణములతో ఆ మ్రొక్కు చెల్లించి, శంషాబాదు విమానాశ్రయమున కన్నీటితో సాగనంపబడిన బిడ్డలు వారు. వారి వెనుక బ్యాంకు ఋణ మున్నది. తాకట్టు పెట్టిన యింటిస్థల మున్నది. చెల్లెలి పెండ్లికై దాచిన బంగార మున్నది. ఒక యుద్యోగి వ్రాసిన రెండు పంక్తుల యుత్తర్వు వీని నన్నింటిని ఒక్క రాత్రిలో నీటిపాలు చేయగలదు. కావున నిది వకీళ్ల వ్యవహారము మాత్రమే కాదు, మన యింటి వ్యవహారము.

కొంతకాలము క్రిందట నొక పెద్దమనిషి మా కార్యాలయమునకు వచ్చెను. విదేశమున నున్న కుమారునికి అర్ధరాత్రి వేళ నొక జాబు వచ్చినదనియు, అతని యనుమతి రద్దయిన దనియు, కారణ మందు వ్రాయలే దనియు చెప్పి, మమ్ము ఒక్క ప్రశ్న యడిగెను: "అయ్యా, కోర్టుకు పోయిన యెడల వీసా నిప్పింతురా?" మేము, ఇప్పింపరని చెప్పితిమి. "అట్లయిన కోర్టుకు పోయి ప్రయోజన మేమి?" యని యాయన మరల నడిగెను. పోవలసినదే యని మేము చెప్పితిమి. ఈ రెండు ప్రత్యుత్తరములు ఒకదానికొకటి విరుద్ధములుగా దోచును. అవి యేల విరుద్ధములు కావో వివరించుటయే నేటి మా పని.

మొదట మన ప్రాంతపు దృష్టాంత మొక్కటి చెప్పెదము. నిన్నమొన్నటి వరకు ఈ కాలనీలున్న చోట పొలము లుండెడివి. పొలములకు పైన చెరువు లుండెడివి. చెరువు తూమునకు నీరటివా డుండెడివాడు. ఏ మడికి ఎన్ని గడియలు నీరు పారవలెనో వంతు ప్రకారము విడుచుట అతని పని. ఒకనాడు మీ మడికి రెండు గడియలు చాలునని యతడు తలంచెను. మీకు మూడు గడియలు కావలసియుండెను. అది పొరపాటే కావచ్చును. కాని తూము అతనిది, తీర్పు అతనిది. దానికై ఊరి పెద్దలు అతని చేతినుండి తూము లాగికొనరు. అతడే పొరుగూరి చెరువునకు బోయి అక్కడి తూము మూసిన యెడల మాట వేరు. అది పొరపాటు కాదు. అతనికి లేని యధికారమును చేతబట్టుట. అట్లు మూసిన తూము మూసినట్లే కాదు.

ఇంకొక మెట్టు పైకి బోయెదము. తన చెరువు తూమునే, మీ మీది పగచేత మూసిన నేమనవలెను? మీ వంతు వినకయే మూసిన నేమనవలెను? ఊరి కట్టుబాటును తలక్రిందులుగా జదివి, చెరకునకు వర్తించు నియమమును వరికి వర్తింపజేసిన నేమనవలెను? తూము అతనిదే, అయినను ఊరు అతని కిచ్చిన యధికారము ఇట్టి పనికై యిచ్చినది కాదు. న్యాయశాస్త్రమున అధికారపరిధి దోషమని చెప్పబడునది ఇదియే. పరిధిలోపల జరిగిన పొరపాటును కోర్టు సాధారణముగా దిద్దదు. పరిధి దాటిన యుత్తర్వును మాత్రము అది యుత్తర్వే కాదని కొట్టివేయును. 1968లో ఇంగ్లాండు ప్రభువుల సభ అనిస్మినిక్ కేసున ఈ రెండవ విధమైన దోషములను గూడ పరిధి దోషములలో జేర్చినది.

కోర్టు ఇట్లు కొట్టివేయుట యెంత విలువైనదో, అది లేనినాడు మన పెద్దలు పడిన పాట్లను దలచుకొన్నగాని తెలియదు. పర్లాకిమిడి జమీందారీలోని గారబంధ మొదలగు గ్రామముల రైతులు, రెవెన్యూ బోర్డువారు నిర్ణయించిన శిస్తు చట్టవిరుద్ధమని మదరాసు హైకోర్టునకు బోయిరి. అది గంజాము జిల్లా, ఉత్తరాంధ్రపు సరిహద్దు, తెలుగును ఒరియాను కలిసి మెలసిన నేల. వ్యవహారము లండనులోని ప్రివీకౌన్సిలు వరకు నెక్కెను. 1943లో వా రేమని తీర్పు చెప్పిరి? బోర్డు ఉత్తర్వు న్యాయ్యమా అన్యాయ్యమా యన్న మాట నటుంచి, అట్టి యుత్తర్వులను తెప్పించి పరీక్షించు రిట్టు నిచ్చుటకు మదరాసు హైకోర్టునకు గల యధికారము రాజధాని నగరమునకు సంబంధించినదే కాని, గంజాము రైతునకు అందునది కాదని చెప్పిరి. కలకత్తా, మదరాసు, బొంబాయి పట్టణవాసులకు గల రక్ష పల్లెటూరి రైతునకు లేదన్న మాట! 1950 జనవరి 26న మన రాజ్యాంగము అమలులోనికి వచ్చి, దాని 226వ అధికరణము దేశమందలి ప్రతి హైకోర్టునకును ఈ యధికార మిచ్చినది. మూసీ యొడ్డుననున్న హైకోర్టులో నేడు రైతుగాని కూలిగాని రిట్టు వేయగలుగుట ఎవ్వరో దయతో బెట్టిన భిక్ష కాదు. స్వరాజ్యము తెచ్చిన హక్కు.

పరదేశమునకు బోయిన భారతీయుని కథ దీనికంటె ప్రాతది. 1913లో కెనడా దేశమునకు పనామామారు అను నోడలో బోయిన 39 మంది పంజాబీలను ఆ దేశాధికారులు దిగనీయరైరి. వారి తరఫున బ్రిటిష్ కొలంబియా న్యాయస్థానమున వ్యాజ్యము నడిచెను. ప్రధాన న్యాయమూర్తి హంటరు, ప్రభుత్వ మంత్రిమండలి చేసిన యుత్తర్వుల మాటలకును శాసనము వారికిచ్చిన యధికారపు మాటలకును పొసగలేదని కనిపెట్టి, ఆ యుత్తర్వులు చెల్లవని వారిని విడిపించెను. ఆయన వారిపై దయదలచి విడువలేదు. శాసనపు టక్షరముచే విడిచెను. తరువాత నేమైనది? ప్రభుత్వము ఆ యుత్తర్వులను మరల దిద్ది వ్రాసికొనెను. 1914 మే 23న కోమగతమారు 376 మంది ప్రయాణికులతో వాంకూవరు రేవు జేరునప్పటికి ఆ సందు పూడ్చబడి యుండెను. జూలై 6న అప్పీలు న్యాయస్థానము ప్రయాణికుల వాదమును ద్రోసివేసెను. జూలై 23న ఓడ వెనుకకు మరలెను. బజ్‌బజ్ రేవున వారిపై తుపాకులు ప్రేలినవి. నూటరెండేండ్లకు, 2016 మే 18న, కెనడా ప్రధానమంత్రి తన దేశపు పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. ఈ కథలో రెండు పాఠము లున్నవి. పరిధి దాటిన యధికారిని కోర్టు ఆపగలదు. శాసనమే కఠినముగా మారిన నాడు కోర్టు చేయి పొట్టిది.

ఇక మన కాలమునకు వత్తము. ఈ శాస్త్రము మిక్కిలి వృద్ధిజెందినది ఆస్ట్రేలియాలో. అచ్చటి ప్రభుత్వము 2001లో వలసశాసనమున నొక నిబంధన చేర్చెను: వలసాధికారుల నిర్ణయము అంతిమము, దానిని ఏ న్యాయస్థానమునను ప్రశ్నింపరాదు. ఇంతకంటె గట్టి తలుపు మరి యుండునా? అయినను 2003 ఫిబ్రవరి 4న ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము, ఆ తలుపును విరుగగొట్టకయే, దాని ప్రక్కనున్న త్రోవను చూపినది. శాసనము రక్షించునది శాసనము క్రింద చేసిన నిర్ణయమును; పరిధి దాటిన నిర్ణయము శాసనము క్రింద చేసినదే కాదు; కావున నీ నిబంధన దానిని రక్షింపదు. పైగా ప్రభుత్వోద్యోగులపై రిట్టు నిచ్చు నధికారమును ఆ దేశపు రాజ్యాంగమే, 75వ అధికరణమున, న్యాయస్థానమునకు ఒసగినది. పార్లమెంటు దానిని లాగికొనజాలదు.

ఈ సూత్రము ఒక భారతీయుని యెట్లు కాపాడెనో వినుడు. బెంగుళూరులో వైద్యవిద్య నభ్యసించిన డాక్టరు మహమ్మదు హనీఫ్ ఆస్ట్రేలియాలోని గోల్డుకోస్టు ఆసుపత్రిలో పనిచేయుచుండెను. ఇంగ్లాండులో ఉగ్రవాద యత్నములు జరిగిన తరుణమున, 2007 జూలై 2న, బ్రిస్బేను విమానాశ్రయమున ఆయన నిర్బంధింపబడెను. ఇంగ్లాండు విడిచి వచ్చునప్పుడు తన టెలిఫోను సిమ్ముకార్డును బంధువునకు ఇచ్చి వచ్చుటయే ఆయనపై మోపిన నేరమునకు మూలము. జూలై 16న మేజిస్ట్రేటు జామీను మంజూరు చేసిరి. ఆనాడే వలసమంత్రి కెవిన్ ఆండ్రూస్ ఆయన వీసాను రద్దుచేసెను. జామీను దొరికియు చెరయే గతియైనది. జూలై 27న నేరారోపణమే ఉపసంహరింపబడినది. వీసా మాత్రము రాలేదు. డాక్టరు స్వదేశమునకు మరలివచ్చెను.

వ్యాజ్యము సాగెను. ఆగస్టు 21న న్యాయమూర్తి స్పెండరు తీర్పు చెప్పెను. నేరస్థులతో సహవాసము కలవాడను కారణమున వీసా రద్దుచేయుటకు శాసనము మంత్రికి అధికార మిచ్చినమాట నిజము. కాని సహవాస మనగా నేమి? బంధుత్వమా? పరిచయమా? మంత్రి ఆ మాటను అంత విశాలముగా జదువుకొనెను. అట్లు చదివిన యెడల నేరస్థుని తల్లియు, వానికి వైద్యము చేసిన వైద్యుడును, వాని వకీలును సహవాసులే యగుదురు. నేరమునందు సానుభూతియో సహాయమో భాగస్వామ్యమో ఉండిన సహవాసమే శాసనమునకు కావలసినది. మంత్రి తన్నుదాను అడుగవలసిన ప్రశ్న నడుగక, వేరొక ప్రశ్న నడిగికొని, దానికి జవాబు చెప్పెను. తప్పు ప్రశ్నకు చెప్పిన జవాబు ఎంత చక్కగా నున్నను పరిధిలోనిది కాదు. రద్దుత్తర్వు కొట్టివేయబడినది. డిసెంబరు 21న అప్పీలు న్యాయస్థానమును ఆ తీర్పునే స్థిరపరచెను. 2010లో ఆ దేశప్రభుత్వము డాక్టరునకు నష్టపరిహార మొసగెను.

ఇది విని ఉప్పొంగవలదు. అదే ఆస్ట్రేలియాలో 2022 జనవరిలో టెన్నిసు క్రీడాకారుడు జొకోవిచ్ కథ జరిగెను. తెల్లవారుజామున వీసా రద్దునకు నోటీసిచ్చి, ఉదయము 8.30 వరకు సమాధానమునకు గడువని చెప్పి, 7.42కే రద్దు చేసిరి. చెప్పిన గడువు ఈయలేదు గనుక జనవరి 10న న్యాయస్థానము దానిని కొట్టివేసెను. నాలుగు దినములకే మంత్రి తన స్వంతాధికారమున, వేరొక నిబంధనక్రింద, మరల రద్దు చేసెను. 16వ తేదీన ముగ్గురు న్యాయమూర్తులు ఏకాభిప్రాయమున ఆ రెండవ రద్దును నిలిపిరి. నిర్ణయము తెలివైనదా కాదా యనుట మా పని కాదు, చట్టబద్ధమా కాదా యనుటయే మా పని యని వారు స్పష్టముగా వ్రాసిరి. ప్రపంచఖ్యాతియు ధనమును గలవానికే ఇంతవరకు దక్కినది! 2018లో నొక బంగ్లాదేశీయుని కేసున అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము ఇంకొక మెట్టు విధించెను. దోష మున్నంతమాత్రమున చాలదు. ఆ దోషము లేకున్న ఫలితము వేరుగా నుండెడిదేమో యనుటకు తావుండవలె నని.

ఇంత దూర మేల? మన వేములవాడ మాజీ శాసనసభ్యుడు చెన్నమనేని రమేశ్ గారి కేసు మీరందరు ఎరిగినదే. అది వీసా కాదు, పౌరసత్వము. కాని సూత్ర మొక్కటియే. 2017లో కేంద్ర హోంశాఖ ఆయన భారతపౌరసత్వమును రద్దుచేసెను. 2019 జూలైలో మన హైకోర్టు, రద్దు ప్రజాహితమునకు అవసరమా యను శాసనప్రశ్నను పరిశీలింపవలసి యుండగా పరిశీలింపలేదని, ఆ యుత్తర్వును కొట్టివేసి వెనుకకు బంపెను. హోంశాఖ ఈసారి ఆ ప్రశ్నను పరిశీలించి, నవంబరులో మరల రద్దుచేసెను. 2024 డిసెంబరు 9న హైకోర్టు దానిని నిలిపి, ఆయన జర్మనుపౌరుడే యని చెప్పి, 30 లక్షల రూపాయల ఖర్చులు విధించెను. మొదటిసారి గెలిచినవాడు రెండవసారి ఓడెను. కోర్టు మారలేదు, త్రోవ సరియైనదో కాదో చూచెను. గమ్యమును నిర్ణయించుట మాత్రము దాని పని కాదు.

ఇక మన బిడ్డలు అధికసంఖ్యలో నున్న అమెరికా సంగతి. ఇక్కడ నొక భేదమును మనసున నాటికొనవలెను. వీసా యనునది వాకిట చూపు చీటి. దానిని కాన్సలు ఇచ్చును. లోపల నుండుటకు గల యనుమతి వేరు; విద్యార్థికి అది సెవిస్ అను ప్రభుత్వపు పట్టికలో నమోదై యుండును. వాకిట చీటిని కాన్సలు నిరాకరించినను, చించివేసినను, అమెరికా న్యాయస్థానములు ప్రాయికముగా చేయి పెట్టవు. 2024 జూన్ 21న ఆ దేశపు సుప్రీంకోర్టు ఈ పాత సూత్రమునే మరల బలపరచినది. కావున నానక్‌రామ్‌గూడ కాన్సలేటులో వీసా రాలేదని అమెరికా కోర్టుకు పోవుదుమనువారు గోడకు తల కొట్టుకొన్నట్లే. కాని లోపల నున్నవాని యనుమతిని లాగికొనుట వేరు మాట. దానికి నియమము లున్నవి. నియమము లున్నచోట హద్దు లున్నవి.

2025 మార్చి ఏప్రిలు మాసములలో ఆ హద్దులే చెరిపివేయబడినవి. ప్రభుత్వమువారు సుమారు 13 లక్షల విదేశవిద్యార్థుల పేళ్లను పోలీసుల నేరపట్టికతో యంత్రముచే సరిచూడగా 6,400 పేళ్లు దానితో సరిపోయెనని ఏప్రిలు 29న వాషింగ్టను న్యాయస్థానమున వారే యొప్పుకొనిరి. అందు వేలకొలది విద్యార్థుల సెవిస్ నమోదులు కొట్టివేయబడినవి. వలసన్యాయవాదుల సంఘము సేకరించిన 327 ఉదంతములలో సగము భారతీయులవి. నేరమేమన, అనేకులయందు వాహనచోదన జరిమానాలు, కొట్టివేయబడిన కేసులు, అసలు మోపబడని నేరములు! విస్కాన్సిన్‌లో నొక భారతీయ విద్యార్థి చదువు పూర్తియగుటకు ఇంకను నెల దినములు లేవు. వీధిలో నొక మాటలజగడమున పోలీసులు పట్టుకొని వదలిరి. ప్రాసిక్యూటరు నేరమే మోపలేదు. అయినను ఏప్రిలు 4న పట్టికనుండి పేరు తొలగిపోయెను. నోటీసు లేదు, సంజాయిషీ యడిగినవారు లేరు. ఏప్రిలు 15న న్యాయమూర్తి కాన్లీ ఆ చర్యను నిలిపివేసెను. ఇట్టివే దేశమంతట అనేక న్యాయస్థానములలో వచ్చినవి. న్యాయమూర్తులు ప్రభుత్వ న్యాయవాదుల నడిగిన ప్రశ్న చిన్నది: ఏ నియమముక్రింద నీ పని చేసితిరి? దానికి సరియైన జవాబు రాలేదు. ఏప్రిలు 25న నమోదులను పునరుద్ధరింతుమని ప్రభుత్వమే తెలుపుకొనెను.

అమెరికావారు దీనిని అధికారపరిధి దోషమని పిలువరు. 1946 నాటి పాలనావిధాన శాసనముక్రింద చట్టవిరుద్ధమందురు. పేరు వేరైనను పండు ఒకటే. ఏ యధికారమున చేసితివన్న ప్రశ్నకు నిలువలేని యుత్తర్వు నిలువదు. కోర్టుకు బోయినవారు కొన్ని వందలమంది. నమోదులు మరల బొందినవారు వేలమంది. వ్యాజ్యము వేసినవాని ధైర్యము వేయనివానిని గూడ కాపాడెను.

ఇక మన తప్పును గూర్చియు మాటలాడవలెను. పత్రిక పరుల తప్పులనే యెంచుచుండిన ప్రయోజనము లేదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మోసమని తేలినప్పుడు అందున్న విద్యార్థులలో అత్యధికులు మన తెలుగుబిడ్డలే. కొందరి కాళ్లకు రేడియో కడియములు తగిలించిన చిత్రములను చూచి మన దేశమంత సిగ్గుచేతను కోపముచేతను అట్టుడికెను. అయినను 2019లో ఫార్మింగ్టన్ వచ్చెను. అచ్చట పాఠము లేదు, పంతులు లేడు. అది అమెరికా వలసపోలీసులే పన్నిన వల. చేరినవారు సుమారు 600. పట్టించినవారు, అనగా కమీషను పుచ్చుకొని చేర్పించిన దళారులు, ఎనమండుగురు. తన తమ్మునివంటి విద్యార్థిని తెలిసి తెలిసి వలలో ద్రోసినవాడు పరాయివాడు కాడని చెప్పుటకు నోరు రాకున్నను చెప్పక తప్పదు. విద్యార్థులు అందరు అమాయకులని మేమనము. చదువకయే పని చేసికొనవచ్చునని తెలిసి చేరినవారును ఉందురు.

కాని యిట్టివారికిని న్యాయము గలదన్నది గుర్తింపదగిన విషయము. ఫార్మింగ్టన్‌కు ముందు న్యూజెర్సీలో నిట్టి వలయే యొకటి పన్నబడెను. దానిలో చిక్కిన విద్యార్థుల యనుమతులను ఒక్క కలముపోటున రద్దుచేయగా, దేశబహిష్కరణ విచారణ వచ్చువరకు వేచియుండవలసిన పని లేదు, రద్దే అంతిమచర్య గనుక ఇప్పుడే కోర్టుకు రావచ్చునని 2019లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2025లో మన బిడ్డలకు దారి చూపిన దీపములలో అదియొకటి. ఫార్మింగ్టన్ విద్యార్థుల ఫీజు వ్యాజ్యమునకును 2024 జూన్‌లో అప్పీలు న్యాయస్థానము ప్రాణము పోసెను. చదువు చెప్పుదునని సొమ్ము పుచ్చుకొన్నది ప్రభుత్వమే యైనను, ఒప్పందము ఒప్పందమే యను వాదమును వినవలసినదే యని చెప్పెను.

మహాజనులారా! ఇంతవరకు పరదేశముల ధర్మమును విచారించితిమి. మన ధర్మ మెట్లున్నది? పరదేశయాత్ర మన జీవనస్వేచ్ఛలో భాగమని 1967 ఏప్రిలు 10న తీర్పు వ్రాసినది మన రాజమహేంద్రవరపు బిడ్డ, ప్రధానన్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. 1977 జూలైలో కారణము చెప్పకయే మేనకాగాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వము పుచ్చుకొనగా, వినకుండ శిక్షించు విధానము విధానమే కాదని 1978 జనవరి 25న సుప్రీంకోర్టు ఘోషించెను. ఇది మన పౌరులకు. మన గడపలో నున్న పరదేశీయునకో? 1955లో హాన్స్ ముల్లరు కేసున సుప్రీంకోర్టు, విదేశీయుని వెడలగొట్టు ప్రభుత్వాధికారమునకు మేర లేదనెను. అయినను రాజ్యాంగపు 14, 21 అధికరణములు పౌరుడనలేదు, వ్యక్తి యనినవి. 2020 మార్చిలో జాదవ్‌పూరు విశ్వవిద్యాలయమున చదువుచున్న పోలెండు విద్యార్థిని, ఒక సభలో బాల్గొన్నాడన్న నెపమున దేశము విడువుమని ప్రభుత్వ మాజ్ఞాపింపగా, కలకత్తా హైకోర్టు ఆ యాజ్ఞను కొట్టివేసెను.

ఇంకను దగ్గరకు వత్తము. మన బాలాపూరు ప్రాంతముననే బర్మానుండి పారివచ్చిన రోహింగ్యాలు తాత్కాలికపు గుడిసెలలో నివసించుచున్నారు. వారి ప్రస్తావన చేసిన సభలో కొన్ని మొగములు ముడుచుకొనునని మే మెరుగుదుము. వారిని దేశమున నుంచవలెనా పంపవలెనా యన్నది ప్రభుత్వము నిర్ణయింపవలసినది. దానిపై మీలో భిన్నాభిప్రాయము లుండవచ్చును. కాని 2021 ఏప్రిలు 8న సుప్రీంకోర్టు, వారిని పంపకుండ నాపుటకు నిరాకరించుచునే, విధించిన పద్ధతి ననుసరింపక పంపరాదని చెప్పెను. నోటీసు లేని రద్దును విస్కాన్సిన్‌లో ఖండించు నోటితో బాలాపూరులో దానిని మెచ్చుకొన జాలము. ఒకే తూకపురాయి రెండు అంగళ్లలో వేరు బరువు తూగునా? మన బిడ్డకు పరుల కోర్టులో కోరుకొను ధర్మమును మన గడపలోని పరునికి మన మీయవలెను. అట్లీయని దేశము పరులనడుగుటకు మొగము లేనిదగును.

ఇక ముగించుటకు ముందు గృహస్థులకు కొన్ని మాటలు. ఉత్తర్వు వచ్చిన దినమే దాని ప్రతిని భద్రపరచుడు, తేదీని వ్రాసికొనుడు. గడువులు కరుణ నెరుగవు; ఆస్ట్రేలియాలో వలసనిర్ణయముపై న్యాయసమీక్షకు 35 దినములే. పిమ్మట నాలుగు ప్రశ్న లడుగుడు: ఏ శాసనము, ఏ నిబంధన క్రింద రద్దు చేసిరి? కారణము చెప్పిరా? చెప్పుకొనుట కవకాశ మిచ్చిరా? శాసనము అడుగుమన్న ప్రశ్ననే అడిగిరా? ఈ నాలుగింటిలో నొక్కదానికైనను లేదను జవాబున్నచో, ఆ దేశపు వకీలును చూడవలసిన వేళ అది. భయముచే నింటికి మరలుదునని వ్రాసిన కాగితముపై, వకీలు చూడకుండ, సంతకము చేయవలదని బిడ్డకు చెప్పుడు. దళారి చెప్పిన ధైర్యమును నమ్మకుడు. అతడు వలలోనికి దారి చూపగలడుగాని వెలుపలికి చూపలేడు. వకీలునొద్ద మాత్రము నిజము దాచవలదు. దాచిన నిజము ఎదుటి పక్షమువాని చేతిలో ఖడ్గమగును.

మొదట చెప్పిన పెద్దమనిషి ప్రశ్నకు తిరిగి వత్తము. కోర్టు వీసా నిప్పింపదు. నీరు విడుచుట నీరటివాని పనియే గాని కోర్టు పని కాదు. కాని నీరటివాడు ఊరికి లోబడినవా డని చెప్పువారు కోర్టువారే. ఆ మాట చెప్పువారు లేననాడు తూము ఊరిది కాదు, వానిదే. గంజాము రైతునకు 1943లో ఆ మాట చెప్పువారు లేకుండిరి. ఓడలో వెనుకకు మరలినవారికి 1914లో లేకుండిరి. మన బిడ్డలకు నే డున్నారు. ఆ రక్షను ఎరిగి వాడుకొనుటయు, మన గడపలో నున్న పరునికి దానిని నిరాకరింపకుండుటయు, స్వతంత్రదేశపు పౌరులమైన మన విధి.